పిల్లలతో ఒక్క రోజు: బెజవాడ నుంచి ఏ బండి ఎక్కాలి, ఏ మ్యూజియం చూడాలి?

మా వాడికి ఆరేళ్లు. ఊటీ రైలు వీడియో ఒకటి ఫోనులో చూశాడు. ఇంజను వెనక నిలబడి పెట్టెలను కొండ మీదికి నెట్టుకుపోవడం చూసిన దగ్గర నుంచి ఇంట్లో మరో మాట లేదు. "ఆదివారం పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నాడు. పదకొండేళ్ల వాళ్ల అక్క అట్లాసు తెచ్చి, బెజవాడ మీద ఒక వేలు, ఊటీ మీద ఒక వేలు పెట్టి చూపించి తమ్ముడి ఆశ మీద నీళ్లు చల్లింది. మా అత్తగారు మాత్రం వత్తులు చేసుకుంటూ, "వాడికి కావలసింది రైలే కదా, రేపల్లె బండి ఎక్కించండి" అన్నారు. అందరం నవ్వాం. ఆ మాటలో ఎంత లెక్క ఉందో తర్వాత తిరుగుతూ ఉంటే తెలిసింది.

మాకు కారు లేదు. ఉన్నా ఈ తిరుగుళ్లకు తీసేవాళ్లం కాదేమో. కారులో వెనక సీటు పిల్లవాడికి నిద్ర తప్ప ఏమీ ఇవ్వదు; పాసింజరు బండి కిటికీ ఇచ్చేది వేరు. అందుకే ఇక్కడ చెప్పేదంతా రైలు, ఆర్టీసీ బస్సు, ఆటోలతో వెళ్లగలిగే చోట్ల గురించే. బెజవాడ నుంచి, గుంటూరు నుంచి ఎవరికి ఏది నప్పుతుందో మా అనుభవం మీద చెబుతాను. మీ ఇంట్లో మోకాళ్ల నొప్పులవారు ఎందరు, చంకనెక్కే పిల్లలు ఎందరు అన్నదాన్ని బట్టి సర్దుకోండి.

ముందు ఒక కొలత. చాలామంది కిలోమీటర్లు చూసి దగ్గర, దూరం అని తేల్చేస్తారు. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంటికి అసలు లెక్క ఎక్కి దిగడాలది. రాజమండ్రి నూట యాభై కిలోమీటర్లు. ఒకసారి ఎక్కితే ఒకసారి దిగడమే. కొండపల్లి ఇరవై లోపే. బస్సు, ఆటో, మళ్లీ ఘాట్ రోడ్డు ఎక్కే ఆటో. మొదటిదాని నుంచి మేం నవ్వుతూ వచ్చాం, రెండోదాని నుంచి పోట్లాడుకుంటూ వచ్చాం. ఒక్కో బండి మారడాన్ని అదనంగా ఒక గంట ప్రయాణం కింద వేసుకోండి. అప్పుడు వచ్చే మొత్తమే నిజమైన దూరం.

ముందుగా ఊటీ సంగతి తేల్చేద్దాం

వారసత్వ రైలు అని చెప్పుకోదగ్గది బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏదీ లేదు. ఊటీకి వెళ్లే నీలగిరి పర్వత రైలుకు ఆ పేరు అన్ని విధాలా తగుతుంది. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో నడిచింది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నలభై ఆరు కిలోమీటర్ల మీటర్ గేజ్ దారి, పదహారు సొరంగాలు, రెండు వందల యాభై వంతెనలు. పైకి వెళ్లడానికి ఐదు గంటల దాకా పడుతుంది. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ల కమ్మీ ఉంటుంది. ఇంజను కింద ఉన్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని పాకుతుంది. మామూలు రైలు ఇనుప చక్రం అంత ఏటవాలులో జారిపోతుంది కదా, అందుకు ఆ ఏర్పాటు. పన్నెండున్నర అడుగులు ముందుకు వెళితే ఒక అడుగు పైకి లేచే చోట్లున్నాయి అక్కడ. ఇంజను వెనక ఉండి నెట్టడం కూడా పెట్టెలు వెనక్కి జారకుండానే.

ఇదంతా చెప్పి ఒక్కరోజులో చూపిస్తానంటే అబద్ధం. మేట్టుపాళయంలో ఆ బండి పొద్దున ఏడు దాటగానే బయలుదేరుతుంది. అంటే ముందు రోజు రాత్రికే కోయంబత్తూరులోనో మేట్టుపాళయంలోనో ఉండాలి. దానికి బెజవాడలో అంతకు ముందే రైలెక్కాలి. రానూపోనూ కలిపి నాలుగు రోజులు పెట్టుకోకపోతే ఊటీలో గాలి పీల్చే తీరిక కూడా ఉండదు. సీట్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ కాబట్టి టికెట్లు నెలల ముందే చూసుకోవాలి. వేసవి సెలవుల్లో వెళదామని ఏప్రిల్లో అనుకునేవాళ్లకు అది దొరకదు.

కొండెక్కే రైలే కావాలని పిల్లవాడు పట్టుబడితే అరకు దారి మంచిది. అది వారసత్వ రైలు కాదు, ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన బ్రాడ్ గేజ్ దారి. బైలడిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడం దాని ఉద్దేశం. కొత్తవలస దాటాక అరకు చేరేలోపు యాభైకి పైగా సొరంగాలు. మా వాడు ఇరవై దాకా లెక్కపెట్టి, ఆపైన ఏదో ఒక అంకె చెప్పుకుంటూ వచ్చాడు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అద్దాల పెట్టె కూడా ఉంటుంది. మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది కాబట్టి నాకు అదే నచ్చింది. బెజవాడ వాళ్లు రాత్రి బండిలో విశాఖ చేరి, ఉదయం కిరండూల్ పాసింజరు ఎక్కి, అరకులో గిరిజన మ్యూజియం చూసి, బస్సులో కొండ దిగి, మళ్లీ రాత్రి బండికి ఇల్లు చేరవచ్చు. ఒక చిక్కు: కిరండూల్ బండి ఉదయం ఏడు లోపే వెళ్లిపోతుంది. రాత్రి బండి గంట ఆలస్యమైందంటే ప్లాట్‌ఫారం మీద ఖాళీ పట్టాలే మిగులుతాయి. ముందు రోజు సాయంత్రానికే విశాఖ చేరగలిగినవాళ్లు మాత్రమే దీనికి సిద్ధపడాలి.

రాజమండ్రి: ఒక్క రోజుకు నా మొదటి ఓటు

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఉదయం ఆరు దాటాక బెజవాడలో బయలుదేరుతుంది. తొమ్మిది లోపు మీరు గోదావరి మీద ఉంటారు. సాయంత్రం అదే బండి విశాఖ నుంచి తిరిగి వస్తూ మిమ్మల్ని ఎక్కించుకుని చీకటి పడే వేళకు దించేస్తుంది. పగటి బండి కావడంతో కూర్చునే సీట్లే, బెర్తుల గొడవ లేదు. గుంటూరు వాళ్లు బెజవాడ దాకా రావాలి. ఆ పొద్దుటి బండికి అందుకోవడం కష్టమే కనుక ఆ తర్వాతి బండి చూసుకుంటే మేలు.

రైలు పిచ్చి ఉన్న పిల్లలకు ఇక్కడ మ్యూజియం కన్నా ముందు నది ఉంది, నది మీద మూడు రైలు వంతెనలున్నాయి. పాత హేవ్‌లాక్ వంతెన 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసింది. మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు దానికి పెట్టారు. ఇప్పుడు దాని మీద బండి లేదు. యాభై ఆరు ఖానాల ఇనుప అస్థిపంజరంలా నీటి మీద నిలబడి ఉంది. రైలు, రోడ్డు రెండూ మోసే వంతెన 1974 నాటిది. మూడోది కాంక్రీటు విల్లుల వంతెన. రాజమండ్రి బొమ్మ అనగానే అందరూ గీసేది దాన్నే. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే పాతదీ కొత్తదీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇనుప కమ్మీల మధ్య నుంచి నీళ్లు కనిపించే వంతెనకూ, కాంక్రీటు విల్లుల వంతెనకూ వందేళ్లలో ఏమి మారిందో పిల్లలకు ఎవరూ చెప్పక్కరలేదు. వాళ్లే అడుగుతారు. మా అమ్మాయి అడిగిన ప్రశ్న: "పాతదాన్ని ఎందుకు పడగొట్టలేదు?" మా ఆయన, నేను చెరొక జవాబు చెప్పాం, ఇద్దరివీ నిలబడలేదు.

అక్కడి నుంచి ధవళేశ్వరం ఆటో దూరం. సిటీ బస్సులూ ఉన్నాయి. కాటన్ మ్యూజియం అక్కడే. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ కాలపు యంత్రాలు, నమూనాలు, పటాలు ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆరేళ్ల పిల్లవాడికి లోపలి పటాలు పట్టవు. తుప్పు పట్టిన పాత యంత్రాలు పడతాయి. పదేళ్లు దాటిన పిల్లలకు ఒక ముడి విప్పి చూపించవచ్చు: బెజవాడలో ప్రకాశం బ్యారేజీకి ముందు ఉన్న కృష్ణా ఆనకట్ట కూడా ఆ వెంటనే, 1855 నాటికి పూర్తయినదే. రెండు ఆనకట్టల వెనకా ఉన్న మనిషి కాటనే. రోజూ బస్సులో దాటే బ్యారేజీకి ఒక అన్నయ్య గోదావరి మీద ఉన్నాడని తెలిసినప్పుడు మా అమ్మాయి ముఖం చూడవలసింది.

రాజమండ్రికి నేను ముందు ఓటు వేయడానికి మరో కారణం భోజనం. మధ్యాహ్నం ఊళ్లో మంచి భోజనం దొరుకుతుంది, కాసేపు నీడన కూర్చోవచ్చు. మిగతా చోట్ల చాలావాటికి పులిహోర డబ్బా తప్పదు.

అమరావతా, నాగార్జునకొండా?

రెండూ బౌద్ధమే, రెండూ కృష్ణ ఒడ్డే, రెండింటిలోనూ పురావస్తు శాఖ మ్యూజియమే. రెండింటికీ శుక్రవారం సెలవు. పోలిక ఇంతటితో సరి. ప్రయాణంలో ఏనుగుకూ పిల్లికీ ఉన్నంత తేడా ఉంది.

అమరావతికి గుంటూరు బస్టాండు నుంచి బస్సులు విరివిగా ఉన్నాయి. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, గంట ప్రయాణం. బెజవాడ నుంచి కాస్త ఎక్కువ. ఒక్కటే బస్సు, మారే పని లేదు. దిగాక స్తూపం, మ్యూజియం పక్కపక్కనే, అమరేశ్వరాలయం కూడా ఊళ్లోనే. నూట పాతిక అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం దూరం నుంచే కనబడుతుంది. అత్తగారికి గుడి, అమ్మాయికి శిల్పం, అబ్బాయికి ఏటి ఒడ్డు. ముగ్గురినీ ఒకేచోట తృప్తి పరచిన ఊరు మాకు ఇదొక్కటే.

ఒక మాట ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే పిల్లలు నిరాశపడతారు. మహాచైత్యం, అంటే ఆ స్తూపం, ఇప్పుడు గడ్డి మొలిచిన దిబ్బలా, చుట్టూ విరిగిన రాళ్లతో ఉంటుంది. పుస్తకంలో చూసిన గోపురం కనిపించదు. ఎందుకు కనిపించదన్నదే అసలు కథ. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ ఊరు కడుతున్నప్పుడు ఆ దిబ్బ ఇటుకలకు, రాళ్లకు గనిలా పనికివచ్చింది. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కడి నుంచి చాలా భాగం లండనుకు వెళ్లాయి. అందుకే ఈ ఊరి స్తూపం మూడు ఊళ్లలో పంచుకుని ఉంది: కొంత ఇక్కడ, కొంత చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో, కొంత బ్రిటిష్ మ్యూజియంలో.

మ్యూజియంలో పిల్లలను నిలబెట్టడానికి మేం ఒక ఆట కనిపెట్టాం. ఏదైనా ప్రభుత్వ కాగితం మీద మన రాష్ట్ర చిహ్నం చూపించి, అందులోని నిండు కలశాన్ని గుర్తుపెట్టుకోమన్నాం. ఆ చిహ్నం అమరావతి శిల్పం నుంచే పుట్టింది. "లోపల ఈ పూర్ణఘటం ఎక్కడుందో ముందు కనిపెట్టినవారికి ఐస్‌క్రీము" అన్నాం. అరగంట పాటు ఇద్దరూ ఒక్కో రాయినీ వెతికారు. మామూలుగా అయితే పది నిమిషాల్లో "అయిపోయిందా, వెళదామా?" అనేవాళ్లు.

ఈ ఊరికి రైలు లేదు. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు దాకా కొత్త దారికి 2024లో కేంద్రం ఆమోదం తెలిపింది, కృష్ణ మీద పెద్ద వంతెనతో సహా. మా వాడు అది వేసేదాకా ఆగుదామన్నాడు. వాడికి ఓపిక ఎక్కువ, నాకు లేదు.

నాగార్జునకొండ ఊహకు అందని చోటు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి సాగర్ జలాశయం కింద ఉంది. డ్యాము రాకముందు 1954 నుంచి ఆరేళ్ల పాటు ఆ లోయ అంతా తవ్వి, దొరికినవాటిలో ముఖ్యమైనవాటిని కొండ మీదికి చేర్చారు. నీళ్లు వచ్చాక ఆ కొండ దీవి అయింది. లాంచీలో వెళ్లి చూసే మ్యూజియం! పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి? కావలసింది ఓపిక. గుంటూరు నుంచి మాచర్ల దాకా రైలు, అక్కడి నుంచి విజయపురి సౌత్‌కు బస్సు, ఆపైన లాంచీ. మళ్లీ అవన్నీ వెనక్కి. ఆరు ఎక్కడాలు, ఆరు దిగడాలు. పైగా లాంచీలు రోజూ ఒకేలా నడవవు. జలాశయంలో నీటిని బట్టి, గాలిని బట్టి, వచ్చే జనాన్ని బట్టి ఉంటుంది. ముందు రోజు పర్యాటక శాఖ వారికి ఫోను చేసి కనుక్కోకుండా ఇల్లు కదలవద్దు. లాంచీ లేదంటే అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టిన కట్టడాలను రోడ్డు దారిలో చూడవచ్చు, ఎత్తిపోతల జలపాతం కూడా అటే.

నా తీర్పు: పన్నెండేళ్లు దాటిన పిల్లలుంటే, మాచర్లలోనో సాగర్‌లోనో ఒక రాత్రి ఉండగలిగితే నాగార్జునకొండ. లేకపోతే అమరావతి. ఒకేరోజు రెండూ అనే ఆలోచన రానివ్వకండి.

రేపల్లె బండి

అత్తగారి మాట దగ్గరికి వచ్చాం. తెనాలి నుంచి రేపల్లెకు వెళ్లే శాఖ లైను 1916 నుంచి ఉంది. గుంటూరు నుంచి నేరుగా పాసింజర్లు ఉన్నాయి, బెజవాడ వాళ్లు తెనాలిలో మారవచ్చు. చిన్న చిన్న స్టేషన్లు, అటూ ఇటూ వరి, అరటి, పసుపు. గేటు దగ్గర ఆగిన ట్రాక్టరు మీద నుంచి పిల్లలు చేతులూపుతారు. జంపని, వేమూరు, పెనుమర్రు దాటాక భట్టిప్రోలు వస్తుంది. దిగండి.

ఊళ్లో విక్రమార్క కోట దిబ్బ అని పిలిచే చోట బౌద్ధ స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు లోపల రాతి పేటికలు, వాటి మీద అక్షరాలు దొరికాయి. క్రీస్తు పూర్వపు అక్షరాలు. బ్రాహ్మిలో ఒక ప్రత్యేక రూపం కావడంతో లిపి చరిత్ర చదివేవాళ్లు దాన్ని భట్టిప్రోలు లిపి అనే పిలుస్తారు. ఇంటి నుంచే ఆ అక్షరాల బొమ్మ ఒకటి ఫోనులో దించుకుని తీసుకెళ్లండి, ఎందుకంటే అక్కడ ఇటుకల దిబ్బ, తోట తప్ప చూపించడానికి గదులూ గాజు పెట్టెలూ లేవు. గంటలో చూడటం అయిపోతుంది.

ఖర్చు చూస్తే ఈ జాబితాలో ఇదే అతి తక్కువ. మ్యూజియం కావాలన్నవాళ్లకు కాదు. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లలకు ఇంతకు మించిన రైలు షికారు నాకు కనబడలేదు. వాళ్లకు చేరే ఊరు ముఖ్యం కాదు, కిటికీ ముఖ్యం. తిరుగు బండి ఎన్నింటికో దిగిన వెంటనే స్టేషనులో అడిగి రాసుకోండి. రోజుకు నాలుగైదు బండ్లే తిరిగే లైను మీద ఒకటి తప్పిందంటే బస్సు వెతుక్కోవాలి.

ఊళ్లోనే, ఊరి చివరనే

కొండపల్లి గురించి ఇందాకే కొంత చెప్పేశాను. రైలైతే పాసింజరులో అరగంట, సిటీ బస్సులు కూడా పుష్కలం. కోట కొండ మీద ఉంది, కింది నుంచి ఆటో మాట్లాడుకోవాలి, రానూపోనూ మాట్లాడుకోకపోతే పైన చిక్కుకుంటారు. కోట రెడ్డి రాజుల కాలం నాటిది. మా పిల్లలకు కోట కన్నా బొమ్మల కాలనీ నచ్చింది. తెల్లపొణికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేసే పని కళ్లెదుట చూడవచ్చు. గాజు అద్దం వెనక పెట్టని మ్యూజియం అది. కోటా బొమ్మలూ ఒకే రోజు పెట్టుకున్నదే మా తప్పు. ముసలివాళ్లుంటే బొమ్మలు, కుర్రవాళ్లుంటే కోట.

ఇక బెజవాడలోనే అర పూట చాలనుకుంటే బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన 1887లో శంకుస్థాపన జరిగిన భవనం, అందుకే చాలాకాలం విక్టోరియా జూబిలీ మ్యూజియం అన్నారు. 2020లో బాగుచేసి మళ్లీ తెరిచారు. అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడు ఇక్కడే ఉన్నాడు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన కథ చెప్పడానికి ఇంతకన్నా తగిన చోటు లేదు. వేసవిలో మధ్యాహ్నం పూట కూడా వెళ్లగలిగేది ఇదొక్కటే.

ఉండవల్లి గుహలకు ఉదయం ఎనిమిదింటికే చేరాలి. కొండను తొలిచిన నాలుగు అంతస్తులు, పైన శయనించిన అనంతపద్మనాభస్వామి. ఎండెక్కితే రాయి కాలుతుంది. పొద్దున ఉండవల్లి, మధ్యాహ్నం మ్యూజియం అని కలిపితే నిండైన రోజు, తిరగేస్తే నరకం.

హైదరాబాదా, చెన్నైయా?

పెద్ద మ్యూజియం కావాలంటే ఊరు దాటాల్సిందే. శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్నే వెళ్లి సాయంత్రం అదే బండికి తిరిగి రావచ్చని మాకు ఒకరు చెప్పారు. వచ్చాం. సికింద్రాబాదులో చేతికి మిగిలింది నాలుగు గంటలు, అందులో సగం ఊళ్లో ప్రయాణానికే పోయింది. సాలార్‌జంగ్‌లో ప్రతి గంటకూ గడియారంలోంచి బొమ్మ వచ్చి గంట కొట్టే ముచ్చట చూడటానికి జనంలో నిలబడి, మిగతా గదులన్నీ పరుగులో చూశాం. ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ ముందు నిమిషం నిలబడలేదు. హైదరాబాదుకు రాత్రి బస్సే నయం. ఎంజీబీఎస్ బస్టాండులో దిగితే సాలార్‌జంగ్ ఆటోకు దగ్గర, పెద్ద పిల్లలైతే నడకే. శుక్రవారం సెలవు.

చెన్నైలో రైలు పిచ్చోళ్లకు ఐసీఎఫ్ అనే రైలు పెట్టెల కర్మాగారం దగ్గర రైలు మ్యూజియం ఉంది. ఆ కర్మాగారం 1955లో మొదలైన చోటే. పాత ఇంజన్లు, పెట్టెలు ఆరుబయట ఉన్నాయి, పిల్లలను తిప్పే చిన్న రైలూ ఉంది. సెంట్రల్ నుంచి లోకల్ రైలులో విల్లివాక్కం దాకా వెళ్లి ఆటో ఎక్కవచ్చు. ఎగ్మోరు మ్యూజియానికి సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషను దూరమే. రైలు మ్యూజియానికి సోమవారం, ఎగ్మోరుకు శుక్రవారం సెలవు. కనుక శుక్రవారం రాత్రి బెజవాడలో ఎక్కి, శనివారం రెండూ చూసి, రాత్రి బండికి తిరిగి రావడం మాకు కుదిరిన పద్ధతి. పినాకిని పగటి బండి. అందులో వెళితే మధ్యాహ్నం చేరతారు, రోజు సగం పోతుంది. రెండు నగరాల్లో ఒకటే చెప్పమంటే, రైలు ఇష్టమున్న ఇంటికి చెన్నై. గడియారాలు, కత్తులు, ఏనుగు దంతం పనులు ఇష్టమైతే హైదరాబాదు.

డబ్బు, టికెట్టు, సెలవు

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో స్త్రీశక్తి పథకం వచ్చాక మా లెక్కలన్నీ తిరగబడ్డాయి. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాలి. అమరావతి ప్రయాణంలో మా ఆయన, మా వాడు మాత్రమే డబ్బులిచ్చారు. ఆ సంగతి అత్తగారు దారి పొడవునా గుర్తు చేశారు. పక్క రాష్ట్రానికి వెళ్లే బస్సులకు ఇది వర్తించదు కాబట్టి హైదరాబాదు, చెన్నై పోలికలో దీన్ని కలపకండి.

రైలులో ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి జనరల్ టికెట్టు సగం. రిజర్వేషనులో బెర్తు అడిగితే మాత్రం పెద్దవాళ్లంతే. పురావస్తు శాఖ చోట్ల పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. మొత్తం మీద ఒక్కరోజు షికారులో ఎక్కువ తినేసేది ఆటోలు, ఐస్‌క్రీములే.

శుక్రవారం, సోమవారం సంగతి మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే సెలవు దొరికిందని ఒక శుక్రవారం మేం మూసిన గేటు ముందు నిలబడి, తెచ్చుకున్న పెరుగన్నం గేటు బయట చెట్టు కిందే తిని వచ్చాం. పండగ సెలవులకు కూడా ముందే ఫోను చేయండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వీటిలో ఏదైనా సరే. ఏప్రిల్, మేలలో బాపు మ్యూజియం తప్ప మరేదీ తలపెట్టకండి.

రెండు మూడు చోట్లు చూసే ఆలోచన ఉంటే వరస కూడా చూసుకోండి. అమరావతి ముందు, చెన్నై తర్వాత. దిబ్బ చుట్టూ తిరిగి ఖాళీని చూసిన పిల్లలకే ఎగ్మోరులో అమరావతి గది తలుపు దాటగానే ఏదో అవుతుంది. మా అమ్మాయి పలకల ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా చేతిలోని ప్రవేశ టికెట్ల వంక చూసి, "ఇవి మన ఊరివే కదా అమ్మా, మన దగ్గర డబ్బులెందుకు తీసుకున్నారు?" అని అడిగింది.